ఓణీల ఫంక్షన్‌కి మెక్సికో పచ్చ స్పగెట్టి చేయాలి, సాస్ విరిగిపోతోంది, తెలిసినవాళ్లు చెప్పండి

తిరుపతి మేనత్త:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మా అన్నావాళ్లు హ్యూస్టన్‌లో ఉంటారు, ఈ మే సెలవులకి వస్తున్నారు. మా మేనకోడలికి 15 నిండుతున్నాయి కాబట్టి ఓణీల ఫంక్షన్ ఇక్కడే మా ఇంటి దగ్గరే పెట్టుకున్నాం. మధ్యాహ్నం ఆకు భోజనం వంటవాళ్లకి ఒప్పజెప్పేశాం, దాని గురించి టెన్షన్ లేదు. సాయంత్రం మాత్రం మిద్దె మీద దగ్గరి బంధువులు, పిల్లలు కలిపి ఒక 40 మంది ఉంటారు, ఆ వంట నేనే చేస్తానని మాట ఇచ్చాను.

ఫోన్‌లో పాపని "నీకేం కావాలో చెప్పమ్మా" అని అడిగితే, బిర్యానీ అంటుందేమో అనుకున్నాను గానీ, పచ్చ రంగు స్పగెట్టి చేస్తావా అత్తా అంది. తనకి అక్కడ మెక్సికో వాళ్ల అమ్మాయి ఒకతి మంచి స్నేహితురాలు. ఆ అమ్మాయికి 15 ఏళ్లు నిండినప్పుడు వాళ్లింట్లో పెద్ద పండగ చేశారట, కిన్సెఆన్యేరా అంటారట, పొడుగు గౌను, డాన్సు, బంధువులందరూ, అచ్చం మన ఓణీల ఫంక్షన్ లాగే. ఆ రోజు వాళ్ల అమ్మమ్మ పెద్ద ట్రేలో చేసిపెట్టిన స్పగెట్టి ఇప్పటికీ మర్చిపోలేకపోతోంది. తన పండగ ఇండియాలో జరుగుతోంది, ఆ స్నేహితురాలు రాలేదు కదా, కనీసం ఆ వంటైనా ఉండాలి అని దాని మనసు. నాకు అది విన్నప్పటి నుంచి ఎలాగైనా చేసిపెట్టాలని పట్టుదల వచ్చింది.

పోయిన ఆదివారం ఒకసారి చేసి చూశాను. క్యాప్సికం ముక్కలు, పచ్చిమిరపకాయలు, ఎర్రగడ్డ నూనెలో వేయించి, కొత్తిమీర వేసి మిక్సీ పట్టి, క్రీమ్ బదులు ఇంట్లో గట్టి పెరుగు ఉంటే అది కలిపి ఉడికించాను. పెరుగు విరిగి గింజలు గింజలుగా అయింది, నీళ్లు పైకి తేలాయి. రంగు చూస్తే ఎండిపోయిన గోరింటాకు ముద్దలాగా ఉంది. మా అమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని పచ్చివాసన వస్తోందే అంది, ఆమె మాట నిజమే.

నాకు తెలియాల్సింది: అసలు వాళ్లు ఏ మిరపకాయ వాడతారు, అది తిరుపతిలో దొరకదు అంటే దాని బదులు ఏం వాడాలి, సాస్ విరగకుండా రంగు పోకుండా ఎలా చేయాలి. ఇంకోటి, మా అమ్మ గుడ్డు కూడా తినదు, ఆమె కూడా తినేలా ఉండాలి.

మాంటెర్రే నుంచి వచ్చినవాణ్ణి:

అక్కా, నేను ఉద్యోగం మీద మెక్సికోలో మాంటెర్రేలో మూడేళ్లు ఉన్నాను. మీరు అడిగేదాన్ని అక్కడ ఎస్పాగెతి వెర్దే అంటారు, వెర్దే అంటే పచ్చ అని. మా ఆఫీసులో ఎవరింట్లో పుట్టినరోజు అయినా, బాప్తిజం అయినా, క్రిస్మస్ అయినా ఇది ఉండేది. ఒక పక్క అన్నం, ఇంకో పక్క చిక్కుడుగింజల ముద్ద, మాంసం కూర, పక్కన ఇది. మన పెళ్లి భోజనంలో పులిహోర ఎలాగో అలా అనుకోండి, అది లేకపోతే ఏదో వెలితి. అదే స్పగెట్టి టమాటాతో ఎర్రగా చేసేవాళ్లు ఉన్నారు, ఉత్త క్రీమ్‌తో తెల్లగా చేసేవాళ్లు ఉన్నారు, కానీ ముందు ఖాళీ అయ్యేది మాత్రం పచ్చ ట్రేనే.

మిరపకాయ పేరు పోబ్లానో. మెక్సికోలో ప్యూబ్లా అని ఒక రాష్ట్రం ఉంది, దాని పేరు మీద వచ్చింది. అరచేయంత ఉంటుంది, ముదురు ఆకుపచ్చ, పైన వెడల్పు కింద మొన. కారం చాలా తక్కువ, కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్కలో 1,000 నుంచి 2,000 లోపు, మన గుంటూరు సన్నం 35,000 పైన ఉంటుంది కదా, తేడా మీరే చూడండి. అదే కాయ పండి ఎండితే ఆంచో అని వేరే పేరుతో అమ్ముతారు.

ఇప్పుడు అసలు విషయం. మీరు క్యాప్సికం నూనెలో వేయించారు, పచ్చివాసన అక్కడి నుంచే వచ్చింది. పోబ్లానోని మామూలుగా అలా వేయించరు, మంట మీద కాలుస్తారు. స్టవ్ మీద నేరుగా పెట్టి, పట్టకారుతో తిప్పుతూ, తోలు మొత్తం నల్లగా బొబ్బలెక్కేదాకా కాల్చాలి, మనం పచ్చడికి వంకాయ కాల్చినట్టే. తర్వాత గిన్నెలో వేసి గట్టిగా మూత పెట్టి 10, 15 నిమిషాలు వదిలేస్తే లోపలి ఆవిరికి తోలు వదులైపోతుంది, చేత్తో లాగితే ఊడి వస్తుంది. దయచేసి కుళాయి కింద పెట్టి కడగొద్దు, ఆ కాలిన వాసన అంతా నీళ్లలో పోతుంది. చేతులు తడి చేసుకుంటూ తుడవండి, ఎక్కడో ఒక నల్ల చుక్క మిగిలినా పర్వాలేదు. గింజలు, లోపలి ఈనెలు తీసేయండి. ఈ వంటకి రుచి అంతా ఆ కాల్చడంలోనే ఉంది, క్రీమ్ ఎంత ఖరీదైనది వాడినా కాల్చకపోతే అది ఎస్పాగెతి వెర్దే కాదు.

అక్కడ సాస్‌లో వేసేవి ఇవి: కాల్చిన పోబ్లానో, కొంచెం ఎర్రగడ్డ, ఒకటి రెండు తెల్లగడ్డ రెబ్బలు, కొత్తిమీర, క్రెమా అనే పుల్లటి క్రీమ్, క్రీమ్ చీజ్, పాలు. చాలామంది చికెన్ రుచి పొడి కూడా ఒక చెంచా వేస్తారు, మీ అమ్మగారు తినాలంటే అది మానేసి ఉప్పు వేసుకోండి, పెద్ద తేడా ఉండదు. అన్నీ కలిపి మిక్సీ పట్టి, వెన్నలో రెండు మూడు నిమిషాలు సన్న మంట మీద వేడి చేసి స్పగెట్టిలో కలిపేస్తారు. పైన తెల్లటి పొడి చీజ్ చిదిమి చల్లుతారు. కొందరు మొక్కజొన్న గింజలు కలుపుతారు, పిల్లలకి అది ఇష్టం.

చిత్తూరు వంటిల్లు:

అమ్మా, నాది చిత్తూరు. నేను పోబ్లానో బదులు ఏం వాడాలో రెండేళ్లుగా చేసి చూస్తున్నాను, మా అబ్బాయి అడుగుతాడని. ఉత్త క్యాప్సికం వాడితే తియ్యగా చప్పగా వస్తుంది. ఉత్త బజ్జీ మిరపకాయలు వాడితే వాసన బాగుంటుంది గానీ, ఒక్కోసారి కాయల్లో ఒకటి రెండు మంట పుట్టిస్తాయి, పిల్లలు తినలేరు. రెండూ కలిపితేనే కుదిరింది. 500 గ్రాముల స్పగెట్టికి నేను వేసేది మూడు పెద్ద క్యాప్సికం, ఆరు బజ్జీ మిరపకాయలు. కాయలు ఎంచుకునేటప్పుడు ముదురు ఆకుపచ్చవి, గట్టిగా బరువుగా ఉన్నవి తీసుకోండి, లేతవి మంట మీద పెడితే తోలు ఊడేలోపే కండ మెత్తబడి కారిపోతుంది. బజ్జీ మిరపకాయని కాల్చేముందు ఒక చిన్న గాటు పెట్టండి, లేకపోతే టప్ మని పేలుతుంది, నా ముంజేతి మీద ఇప్పటికీ మచ్చ ఉంది. కాల్చాక ప్రతి బజ్జీ మిరపకాయ కొస నాలుక మీద పెట్టి చూడండి, మండేది ఉంటే పక్కన పెట్టేయండి.

పెరుగు గురించి. పెరుగులో కొవ్వు తక్కువ, మాంసకృత్తులు జాస్తి, పైగా పులుపు. వేడి తగలగానే ఆ మాంసకృత్తులు ఒకదానికొకటి అంటుకుని గింజలైపోతాయి, నీళ్లు విడిపోతాయి. మజ్జిగ పులుసుకి శనగపిండి కలుపుతాం కదా, విరగకుండా పట్టుకునేది ఆ పిండే. వాళ్ల క్రెమాలో కొవ్వు 30 శాతం దాకా ఉంటుంది కాబట్టి మరిగినా విరగదు. మన దగ్గర ప్యాకెట్లో వచ్చే ఫ్రెష్ క్రీమ్ 25 శాతం అని రాసి ఉంటుంది, అది చాలు. 500 గ్రాముల స్పగెట్టికి 250 మిల్లీలీటర్ల క్రీమ్, 150 గ్రాముల క్రీమ్ చీజ్, ఒక గ్లాసు పాలు. క్రెమాకి ఉండే ఆ చిన్న పులుపు కోసం చివర్లో స్టవ్ ఆపేశాక నాలుగు చుక్కలు నిమ్మరసం పిండుతాను, మంట మీద ఉండగా మాత్రం పిండొద్దు.

పైన చల్లడానికి పనీర్‌ని చేత్తో పొడి పొడిగా చిదిమి, చిటికెడు ఉప్పు కలపండి. అమ్మగారి కోసం క్రీమ్ చీజ్ డబ్బా మీద ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూసి కొనండి, కొన్ని విదేశీ చీజ్‌లలో పాలు విరగ్గొట్టడానికి దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు. స్పగెట్టి ప్యాకెట్ కూడా వెనక చదవండి, ఉత్త గోధుమ రవ్వ అని ఉంటే నిశ్చింత, కొన్ని పాస్తాల్లో గుడ్డు ఉంటుంది.

రేణిగుంట రుచులు:

మన నోటికి ఆ చప్పటి క్రీమ్ ఎక్కదండీ. తాలింపులో కరివేపాకు, కొంచెం గరం మసాలా, ఇంకో నాలుగు పచ్చిమిరపకాయలు వేసేయండి, బంధువులు లాగించేస్తారు. నేను పాస్తా ఎప్పుడు చేసినా అలాగే చేస్తాను.

చిత్తూరు వంటిల్లు:

ఇంట్లో మామూలు రోజు అయితే మీరు చెప్పినట్టు చేసుకోవచ్చు, తప్పేం లేదు. కానీ ఇక్కడ ఆ పాప అడిగింది ఒక ఇంటి వంట, వాళ్ల అమ్మమ్మ చేతి రుచి. మన పిల్ల ఎక్కడో అమెరికాలో ఎవరింట్లోనో రాగిసంగటి, ఊరిబిండి అడిగితే, వాళ్లు సంగటిలో చీజ్ కలిపి పెడితే ఎలా ఉంటుంది? గరం మసాలా పడిందంటే కాల్చిన మిరపకాయ వాసన కనపడకుండా పోతుంది. కారం కావాల్సిన పెద్దవాళ్లకి పక్కన ఒక గిన్నెలో పచ్చిమిర్చి చట్నీ పెట్టేస్తే సరిపోతుంది, వాళ్లు కలుపుకుంటారు.

ఇంకో మాట, మిరపకాయ పుట్టిందే మెక్సికో వైపు. పోర్చుగీసు వాళ్లు పడవల మీద తెస్తే మనకి వచ్చింది, అంతకు ముందు మనకి కారం అంటే మిరియాలు, పిప్పళ్ల లాంటివే. కొత్తిమీరేమో ఇటువైపుది, స్పెయిన్ వాళ్లతో అక్కడికి వెళ్లింది. అంటే ఈ సాస్‌లో ఉన్న రెండు ముఖ్యమైన వస్తువులూ మనకి పరాయివి కావు, అవి ఉన్న రుచితోనే మన వాళ్లు తింటారు, మీరు భయపడొద్దు.

రేణిగుంట రుచులు:

అవును, పాప కోసం అన్న విషయం నేను సరిగా చూసుకోలేదు. పక్కన చట్నీ పెట్టడం మంచి ఆలోచన.

తిరుపతి మేనత్త:

అందరికీ చాలా థాంక్స్. నిన్న మళ్లీ చేశాను, మీరు చెప్పినట్టే కాల్చి, ఫ్రెష్ క్రీమ్‌తో. విరగలేదు! వాసన చాలా బాగుంది, మా అమ్మ వంటింట్లోకి వచ్చి వంకాయ పచ్చడి చేస్తున్నావా అని అడిగింది. బజ్జీ మిరపకాయల్లో ఒకటి నిజంగానే మండింది, కొస రుచి చూసి తీసేశాను, ఆ మాట చెప్పకపోయి ఉంటే పిల్లలు ఏడ్చేవాళ్లు.

రంగు మాత్రం ఇంకా కుదరలేదు. కలిపినప్పుడు చక్కటి పచ్చగా ఉంది, పది నిమిషాలు ఉడికేసరికి మళ్లీ వడిలిపోయినట్టు అయింది. ఇంకోటి, అరగంట ఆగి చూస్తే స్పగెట్టి సాస్ మొత్తం పీల్చేసుకుని ముద్ద కట్టింది. 40 మందికి ముందే చేసి పెట్టుకోవాలి కదా, అప్పటికప్పుడు ఎలా?

క్యాటరింగ్ అన్న, కాణిపాకం రోడ్డు:

చెల్లెమ్మా, నేను చిత్తూరులో 20 ఏళ్లుగా క్యాటరింగ్ చేస్తున్నాను, ఈ మధ్య రిసెప్షన్‌లలో పాస్తా కౌంటర్ అడగని వాళ్లు లేరు, కాబట్టి ముద్ద కట్టే బాధ నాకు బాగా తెలుసు.

ముందు రంగు. ఆకుల్లో ఉండే పచ్చ రంగు ఎక్కువసేపు వేడికి, పులుపుకి చెడిపోతుంది, పాలకూర ఎక్కువ ఉడికిస్తే నల్లబడినట్టు. అందుకని కొత్తిమీరని మరగబెట్టే పనే పెట్టుకోవద్దు. మిరపకాయలు, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, చీజ్, పాలు ముందు రుబ్బి వెన్నలో వేడి చేసి, క్రీమ్ కలిపి దించేయండి. కొత్తిమీరని విడిగా కొంచెం చల్లటి పాలతో మెత్తగా రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకుని, వడ్డించే ముందు వేడి సాస్‌లో కలపండి. కొత్తిమీర కాడలు కూడా వేయండి, వాసన అంతా వాటిలోనే. ఒక గుప్పెడు పాలకూర మరిగే నీళ్లలో అర నిమిషం ముంచి, వెంటనే చల్లటి నీళ్లలో వేసి, పిండి కలిపితే రంగు ఇంకా బాగుంటుంది, రుచి మారదు. నిమ్మరసం కూడా ఆఖర్లోనే.

లెక్క. మధ్యాహ్నం ఆకు భోజనం చేసి ఉంటారు, సాయంత్రం వేరే ఐటమ్స్ కూడా ఉంటాయి కదా, మనిషికి 50 గ్రాముల ఎండు స్పగెట్టి చాలు, అంటే 2 కిలోలు. పిల్లలు రెండోసారి అడుగుతారు కాబట్టి రెండున్నర కిలోలు పెట్టుకోండి. పైన చిత్తూరు అమ్మ చెప్పిన కొలతకి ఐదు రెట్లు. అంటే 15 క్యాప్సికం, 30 బజ్జీ మిరపకాయలు. ఇవి కాల్చడానికే రెండు స్టవ్‌ల మీద గంటపైన పడుతుంది, ముందు రోజు రాత్రి కాల్చి తోలు తీసి డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టేయండి, ఏమీ కాదు.

స్పగెట్టిని 2 కిలోలు ఒకే డేగిసాలో వేయొద్దు. వేయగానే నీళ్ల మరుగు ఆగిపోతుంది, అడుగున ముద్ద కడుతుంది. 500 గ్రాములకి 5 లీటర్ల నీళ్లు, 50 గ్రాముల ఉప్పు, నీళ్లు తెర్లుతుండగా వేసి మొదటి రెండు నిమిషాలు కలుపుతూనే ఉండండి. నూనె పోయొద్దు, నూనె పోస్తే పోగు జారుడుగా అయి సాస్ పట్టదు, చాలామంది చేసే పొరపాటు ఇదే. ప్యాకెట్ మీద రాసిన టైం కంటే రెండు నిమిషాలు ముందే వార్చేయండి, పన్నుకి కొంచెం గట్టిగా తగలాలి. వార్చిన నీళ్లు ఒక చెంబు పక్కన పెట్టుకోండి, పారబోయొద్దు. వెడల్పాటి తాంబాళంలో పరిచి రెండు చెంచాల కరిగిన వెన్న పట్టించి ఆరనివ్వండి. ఆరగానే మూత పెట్టి, ఆ చెంబు నీళ్లతో సహా ఫ్రిజ్‌లో పెట్టేస్తే, ఇలా మధ్యాహ్నం నాలుగింటికే చేసుకోవచ్చు.

వడ్డించే ముందు మళ్లీ మరిగే నీళ్లలో జల్లెడతో అర నిమిషం ముంచి తీసి, వేడి సాస్‌లో వేసి, ఒక గరిటెడు ఆ వార్చిన నీళ్లు పోసి కలపండి. ఆ నీళ్లలో పిండి ఉంటుంది, సాస్ పోగుకి అంటుకునేలా చేస్తుంది. మొత్తం ఒకేసారి కలపొద్దు. ముందు సగం కలపండి, అది అయిపోతుండగా మిగతా సగం. కలిపినప్పుడు సాస్ కొంచెం ఎక్కువైంది, జారుగా ఉంది అనిపించాలి, పది నిమిషాల్లో సరిగ్గా కుదురుకుంటుంది. గట్టిపడితే వేడి పాలు కలపండి, నీళ్లు కాదు.

ఒక్కటి జాగ్రత్త. మే నెల తిరుపతి ఎండ సంగతి మీకు నేను చెప్పాలా. మిద్దె సాయంత్రం ఏడింటికి కూడా సెగలు కక్కుతూ ఉంటుంది. క్రీమ్, చీజ్ పడిన వంట, అది కూడా 40 డిగ్రీలు దాటిన రోజుల్లో, గంటకి మించి బయట పెట్టొద్దు. సాస్ కింద ఇంట్లో ఫ్రిజ్‌లోనే ఉండాలి, వేడి చేసి కొంచెం కొంచెంగా పైకి పంపండి. పొద్దున కలిపిన క్రీమ్ సాస్‌ని సాయంత్రం దాకా వంటింటి గట్టు మీద పెట్టిన ఇంట్లో పిల్లలు ఆ రాత్రంతా వాంతులు చేసుకోవడం నేను కళ్లారా చూశాను. ఫంక్షన్ ఇంట్లో అలాంటిది జరగకూడదు.

మాంటెర్రే నుంచి వచ్చినవాణ్ణి:

అన్న చెప్పింది అక్షరాలా పాటించండి అక్కా. ఒక చిన్న విషయం మాత్రం కలుపుతాను. అక్కడ ఇది వెడల్పాటి ట్రేలో పెట్టి, పైన చీజ్ చల్లి, మధ్యలో కాల్చిన పోబ్లానో చీలికలు నాలుగు పరిచి తెస్తారు. మీరు రెండు బజ్జీ మిరపకాయలు రుబ్బకుండా ఉంచి, పొడుగ్గా చీల్చి పైన పెట్టండి. పాప చూడగానే గుర్తుపడుతుంది.

తిరుపతి మేనత్త:

ఫంక్షన్ అయిపోయింది, వారం రోజులు ఇంటినిండా చుట్టాలు ఉండి ఇప్పుడు రాయడానికి వీలైంది.

ముందు రోజు రాత్రి మా వదిన, నేను కూర్చుని కాయలు కాల్చాం. వదిన అక్కడ ఎలక్ట్రిక్ స్టవ్ అని ఎప్పుడూ మంట మీద కాల్చలేదట, గ్యాస్ మంట మీద చిటపటమంటుంటే ఆమెకి అదే సంతోషం. బజ్జీ మిరపకాయలు నాలుగు మండాయి, తీసేశాం. కొత్తిమీర విడిగా రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టాం. సాయంత్రం ఏడుంబావుకి మొదటి ట్రే పైకి వెళ్లింది, రంగు ఎంత బాగా నిలిచిందంటే మా చిన్నాన్న పుదీనా అన్నం అనుకుని ప్లేట్ పట్టుకొచ్చాడు. పచ్చిమిర్చి చట్నీ పక్కన పెట్టాం, పెద్దవాళ్లు కలుపుకున్నారు, పిల్లలు ముట్టుకోలేదు. రెండున్నర కిలోల్లో ఒక గిన్నెడు మిగిలింది, అది కూడా మా అమ్మ పొద్దునకి ఉంచమంది గానీ క్యాటరింగ్ అన్న చెప్పిన మాట గుర్తొచ్చి ఫ్రిజ్‌లోంచి బయట పెట్టనివ్వలేదు, బాగా వేడి చేసి పెట్టాను.

పాప ఓణీ చుట్టుకుని, చేతిలో ప్లేట్ పట్టుకుని, వాళ్ల స్నేహితురాలికి వీడియో కాల్ చేసింది. అక్కడ పొద్దున తొమ్మిది కూడా కాలేదు. ఆ అమ్మాయి ఫోన్ తీసుకెళ్లి వాళ్ల అమ్మమ్మకి ఇచ్చింది. ఆమె స్పానిష్‌లో ఏదో అడిగింది, నాకు అర్థం కాలేదు. కాయలు మంట మీద కాల్చారా అని అడుగుతోంది అత్తా, అని పాప చెప్పింది. నేను వంటింట్లోకి వెళ్లి మిగిలిన ఒక బజ్జీ మిరపకాయ తెచ్చి ఫోన్ ముందు పెట్టి చూపించాను. ఆమె కాయని చాలాసేపు చూసి, తల ఊపి, మొక్కజొన్న ఎందుకు వేయలేదు అని అడిగింది.

వచ్చే ఏడాది సెలవులకి వచ్చినప్పుడు వేస్తానని చెప్పించాను. మొక్కజొన్న గింజలు ఉడికించి వేయాలా, అవి కూడా కాల్చి వేయాలా?

చిత్తూరు వంటిల్లు:

లేత పొత్తు అయితే ఉడికించి వేస్తే చాలమ్మా. ముదురుది అయితే నిప్పుల మీద కాల్చి ఒలిచి వేయండి, సాస్‌కి ఇంకా బాగా కలుస్తుంది.